తొక్క తినగలిగితేనే అది మన పండు



జైపూర్ నుంచి మాట్లాడుతున్నా అంటే కొత్తవాళ్ళు చాలామంది "రాజస్థానా అక్కా?" అని అడుగుతుంటారు. కాదు. మాది మంచిర్యాల జిల్లా జైపూర్. సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉన్న ఊరు. మా ఆయన ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయిండు. నేను మాత్రం మొదటినుంచీ చేనుమీదే. ఎకరంన్నర వరి, అరెకరంలో యాభై బత్తాయి చెట్లు, గట్టుమీద రెండు నిమ్మ చెట్లు. మందులు మానేసి ఏడేళ్ళయింది.

ఈసారి వీడియో చూసి కొందరు నవ్వుకుంటారు. జీవామృతం, ఘనజీవామృతం, దశపర్ణి కషాయం చూపించే చోట కేక్ చేసి చూపించిందేంది ఈమె అని. నవ్వండి, పర్లేదు. ఈ కేక్ పుణ్యాన నా సొంత చేను గురించి నాకే తెలియని సంగతి ఒకటి తెలిసింది. కేక్ ఎట్ల చేయాలో వీడియోలో ఉంది. ఎందుకు చేయాలో ఇక్కడ రాస్తున్నా.

పుట్టినరోజు కేక్ గొడవ

బతుకమ్మకు వారం ముందు మా మనవరాలి పుట్టినరోజు. దానికి ఆరేళ్ళు నిండినయి. బొగ్గుబాయిల దగ్గర పిల్లలకు కేక్ లేకుండా పుట్టినరోజు లేదు. మా కాలంల పాయసం వండితే అయిపోయేది. ఇప్పుడు క్వార్టర్లల్ల ఏ ఇంట్ల చూసినా కేకే. అది తప్పని నేననను. పిల్లల సంబురం పిల్లలది.

పోయినేడాది బజారు నుంచి తెచ్చిన కేక్ మీద ఆకుపచ్చ క్రీము పిల్ల నాలుకకు రెండు రోజులు అంటుకొని ఉంది. అందుకే ఈసారి మా కోడలు అన్నది, "అత్తమ్మా, ఇంట్లనే చేద్దాం. యూట్యూబ్ల సంత్ర కేక్ చూసిన. పొడుగు రొట్టె తీరుగ ఉంటది. క్రీము గిట్ల ఏం ఉండదు."

చేద్దామన్నా. మైదా లేదు, వెన్న లేదు, ఓవెన్ లేదు, బేకింగ్ పౌడర్ లేదు. ఇంట్లో ఉన్నవి గోధుమపిండి, జొన్నపిండి, బెల్లం, పెరుగు, గానుగ పట్టించిన పల్లినూనె. నాకు నవ్వొచ్చింది. బెల్లం, పిండి అంటే సగం జీవామృతం సామానే కదా! మట్టిలోని సూక్ష్మజీవులకు రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి ఏనాడూ వెనకాడకుండా పోస్తం. ఇంట్ల పిల్లకు ఒక్క కప్పు బెల్లం పెట్టలేమా?

ఉన్నదాంతో చేసుకోవడం చిన్నతనమేం కాదు. కేరళలోని తలస్సేరిలో 1883లో మాంబల్లి బాపు అనే బేకరీ ఆయన దగ్గరికి బ్రౌన్ అనే తెల్లదొర ఒకాయన ఇంగ్లండు కేక్ ముక్క పట్టుకొచ్చి, ఇట్లాంటిది చేయమన్నడట. అందులో పోసే బ్రాందీ మాహే నుంచి తెచ్చుకోమన్నడట. బాపు బ్రాందీ తేలేదు. అక్కడ దొరికే జీడిమామిడి పండ్లు, అరటిపండ్లతో తీసిన సారా పోసి చేసిండట. దొర తిని మెచ్చుకొని ఇంకో డజను చేయమన్నడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన దేశంలో క్రిస్మస్ కేక్ కథ అక్కడే మొదలైందంటారు. అంటే మొదటి కేకే ఊళ్ళో దొరికిన సామానుతో అయ్యింది. మనదెంత?

జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న

కేక్‌కు వాసన ఇచ్చేది రసం కాదు, తొక్క. పైన రంగు ఉన్న పొరను సన్నగా తురిమి పిండిలో కలుపుతారు. కోడలు మంచిర్యాల మార్కెట్ల కొన్న రెండు మోసంబీలు తీసి తురమబోయింది. పండ్లు అద్దం లెక్క మెరుస్తున్నయి.

"బిడ్డా, ఆగు. దాని తొక్క వద్దు. ఏం కొట్టిన్రో, ఏం పూసిన్రో ఎవరికి ఎరుక?" అన్నా.

ఆమె ఆగింది. నాదిక్కు చూసి అడిగింది, "మరి మన పండు తొక్క తినొచ్చా అత్తమ్మా?"

తినొచ్చు అని టక్కున అనాలె. ఏడేళ్ళుగా మందు లేకుండా పండిస్తున్నానని పది వీడియోల్లో చెప్పిన మనిషిని. కానీ నోరు పెగల్లేదు. మూడు సంగతులు యాదికొచ్చినయి.

ఒకటి, మా తూర్పు గట్టు అవతల పత్తి చేను. ఆ తమ్ముడు మంచోడే, కానీ పత్తికి మందు కొట్టక తప్పదంటడు. గాలి మాదిక్కు తిరిగిన రోజు ఆ తుంపర గట్టు దాటి వస్తది. గట్టు పక్క వరసలో ఎనిమిది చెట్లున్నయి.

రెండు, మేం మంచిర్యాల–చెన్నూర్ రోడ్డుకు దగ్గర. పొద్దు మాపు లారీలు తిరుగుతయి. ఎండకాలం ఆకు మీద వేలుతో గీస్తే గీత పడుతది. ఆ దుమ్ము పండు మీద కూడా ఉంటది.

మూడు, నేనే కొట్టిన నీమాస్త్రం. అందులో వేపాకుతోపాటు ఆవు మూత్రం, పేడ ఉంటయి. అది విషం కాదు, నిజమే. కానీ నాలుగు రోజుల కింద కొట్టిన చెట్టు పండును తురిమి పసిపిల్ల కేక్‌లో వేస్తానా? వెయ్యను.

మనం రసాయన మందులు వేయలేదు అంటే తొక్క తినొచ్చు అని కాదు. ఈ తేడా ఏడేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఎందుకంటే నేనెప్పుడూ తొక్క తినలేదు. ఒలిచి పెంటల పారేసిన. నా పండు కొన్నవాళ్ళూ అదే చేసిన్రు.

ఆ సాయంత్రం చేనుకు పోయి నడిమి వరసల నుంచి నాలుగు పండ్లు తెంపుకొచ్చిన. నెల దాటింది వాటిమీద ఏదీ కొట్టక. గోరువెచ్చని నీళ్ళల్ల కొంచెం ఉప్పు వేసి పది నిమిషాలు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగిన. నీళ్ళు నల్లగా దిగినయి. మళ్ళీ కడిగిన. మూడోసారికి నీళ్ళు తేటగా వచ్చినయి. అప్పుడు కోడలి చేతుల పెట్టి "ఇగ తురుము" అన్నా.

తొక్కలో ఉన్న విలువ

మన బత్తాయి అంటే సాత్‌గుడి. పేరు ఏదైనా అది తీపి నారింజే. దాని తొక్క మీద సన్న సన్న చుక్కలు కనిపిస్తయి కదా, అవి నూనె తిత్తులు. చిన్నప్పుడు దీపం దగ్గర తొక్క వంచితే చిటపటమని మెరుపులు వచ్చేటివి, యాదికున్నదా? ఆ నూనే వాసనంతా. రసంలో తీపి, పులుపు ఉంటయి. బత్తాయి వాసన మాత్రం తొక్కదే.

దాని కింద తెల్ల పొర చేదు. రంగు పొర వరకే గీకి, తెలుపు కనపడగానే ఆపాలి.

ఇంకో సంగతి. చెట్టుకు కొట్టిన మందు ఎక్కువ భాగం మిగిలేది తొక్క మీదనే. లోపలి తొనలకు చేరేది తక్కువ. అందుకే మందు కొట్టిన పండు తిన్నా చాలామందికి ఏం కాదనిపిస్తది, తొక్క పారేస్తరు కాబట్టి. కోసిన తర్వాత బూజు పట్టకుండా మందు పట్టించడం, మెరుపుకు మైనం పూయడం కూడా ఉన్నయి. మైనం పూయడం దొంగతనం కాదు. తేనెమైనం, లక్క లాంటివి పూయడానికి మన దేశంలో అనుమతి ఉంది, కానీ పూసినట్టు చీటీ మీద రాయాలి. యూరప్‌లో అయితే కోసిన తర్వాత నిమ్మజాతి పండ్లకు ఏ మందు పట్టించారో పెట్టె మీద రాయాల్సిందే. అక్కడి ఇళ్ళల్లో తొక్క తురుమేవాళ్ళు మందు పట్టించని పండు ఏదని అడిగి కొంటరు. క్లాడియా రోడెన్ అనే రచయిత్రి 1968లో అచ్చయిన వంట పుస్తకంలో నారింజను తొక్కతో సహా ఉడకబెట్టి, రుబ్బి చేసే కేక్ ఒకటి రాసింది. అది లోకమంతా పాకింది. అక్కడ పండు అంటే తొక్కతో కలిపి లెక్క.

మన దగ్గర లెక్క వేరే. బత్తాయి బరువులో సగానికి పైగా తొక్క, పిప్పి, గింజలే. కిలో కొన్నవాళ్ళు సగం పారేస్తరు. ఆ పారేసే సగాన్ని మనం కష్టపడి శుభ్రంగా పండిస్తున్నం, కానీ దానికి ధర అడగం. పైగా ఆ తొక్క అందంగా లేదని ధర తగ్గించుకుంటున్నం. పోయిన సీజన్ల ఒక వ్యాపారి నా కాయలు చూసి, "మంగు ఉన్నదమ్మా, మెరుపు లేదు, ఇంకా పచ్చగనే ఉన్నయి" అని ధర సగానికి కోసిండు. మంగు నల్లి గీకిన మచ్చ, తొక్క మీదనే ఉంటది. పచ్చదనం కూడా అంతే. రాత్రి చలి పడకపోతే సాత్‌గుడి పండినా పూర్తిగా పసుపెక్కదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆయనకు ఎదురు చెప్పలే. ఎందుకంటే తొక్కను నేనే లెక్కచేయలేదు, ఆయనకెట్ల చెప్త?

మూడుసార్లు చేసినం

వీడియోలో కనపడేది మూడోసారి చేసింది. ముందు రెండూ చెడిపోయినయి. అవి కూడా చెప్పాలె, లేకుంటే మీరూ అదే తప్పు చేస్తరు.

మొదటిది చేదయింది. కోడలు ఉత్సాహంగా తెల్ల పొర దాకా తురిమింది. పైగా రసం రాత్రే పిండి పెట్టినం. బత్తాయి రసం నిలవ ఉంటే చేదెక్కుతది. జ్యూస్ బండ్ల వాళ్ళు అప్పటికప్పుడు పిండేది అందుకే. మా ఆయన ఒక ముక్క తిని, "బాయిల మలేరియా బిళ్ళ మింగినట్టున్నదే" అన్నడు. ఆ కేక్ కోళ్ళకు పోయింది.

రెండోది పైన పచ్చి, కింద మాడు. ఆయన తన చిన్నప్పటి బొగ్గు కుంపటి మీద చేద్దామన్నడు. బొగ్గు రగిలినాక సెగ తగ్గించడం మన చేతుల ఉండదు. పైగా నేను ఇరవై నిమిషాలకే మూత తీసి చూసిన. పొంగిన పిండి చప్పున కూలబడ్డది.

మూడోసారి గ్యాస్ మీద, సన్నసెగన చేసినం. పాత మందపాటి సిల్వర్ గంజు తీసుకొని అడుగున రెండు గ్లాసుల దొడ్డుప్పు పోసి, మీద చిన్న కుదురు పెట్టినం. కుక్కర్ వాడేవాళ్ళు రబ్బరు, విజిల్ తీసేయాలె. నీళ్ళు పోయొద్దు. అయితే నీళ్ళు లేకుండా కాగి మంచి కుక్కర్ పాడయ్యే ప్రమాదం ఉంది, పాత గంజే నయం.

కేక్ రేకు లేదు. మా ఆయన బాయికి తీసుకపోయిన పొడుగు టిఫిన్ డబ్బా అటకమీద ఉండె. మూలకు సొట్ట పడ్డది. ఎన్నో ఏండ్లు అందులో జొన్నరొట్టె, పచ్చిపులుసు కట్టిచ్చిన. దానికి నూనె రాసి, లోపల అరటాకు పరిచినం. వెన్న కాగితం అక్కర్లేదు. పేపరు ముక్క మాత్రం పెట్టొద్దు, అచ్చు సిరా ఉంటది.

కొలతలు

కప్పు అంటే 200 మి.లీ. గ్లాసు.

గోధుమపిండి 1 కప్పు, జొన్నపిండి అర కప్పు. మొత్తం జొన్నపిండితోనే చేయొద్దు. జొన్నలో జిగురు ఉండదు, కేక్ పొడి పొడిగా రాలిపోతది. రెండు పిండ్లూ కలిపి జల్లించి, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు కలపాలె. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తది.

బెల్లం పొడి ముప్పావు కప్పు. తెల్లగా మెరిసే బెల్లం కాకుండా నల్ల బెల్లం తీసుకోండి. దాన్ని అర కప్పు పెరుగు, అర కప్పు అప్పుడే పిండిన బత్తాయి రసంలో కరిగించి వడగట్టాలె, ఇసుక, పిప్పి ఉంటయి. ఒక నిమ్మకాయ చెక్క కూడా పిండినం, బత్తాయికి పులుపు తక్కువ కాబట్టి. పల్లినూనె కప్పులో మూడో వంతు. రెండు పండ్ల తొక్క తురుము నూనెలో కలిపి పావుగంట ఉంచితే వాసన నూనెకు పడుతది.

ముందు గంజు మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయాలె. అది వేడెక్కినాకే తడి, పొడి కలపాలె. ఎందుకంటే పెరుగు, నిమ్మ పులుపు సోడాకు తగలగానే గాలి బుడగలు పుడతయి. కేక్‌ను పొంగించేవి అవే. కలిపి పక్కన పెట్టి ముచ్చట్లు పెడితే బుడగలు పోతయి. ఎక్కువ గిలక్కొట్టొద్దు, పిండి కలిస్తే చాలు. డబ్బాలో సగానికి కొంచెం పైన వరకే పోసి, గంజులో పెట్టి మూత పెట్టాలె.

సన్నసెగన 45 నుంచి 55 నిమిషాలు. నలభై నిమిషాల దాకా మూత ముట్టొద్దు. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలె. దించి పూర్తిగా చల్లారినాకే కోయండి. మన ఎండలకు రెండు రోజులకు మించి ఉంచొద్దు.

మూత తీసినప్పుడు వచ్చిన వాసనకు మనవరాలు వాకిట్ల నుంచి ఉరికొచ్చింది. "నానమ్మా, మన చేను వాసన వస్తున్నది" అన్నది. వీడియోలో ఆ మాట వినపడుతది. నేర్పి చెప్పించింది కాదు.

కేక్‌ను మందు చేయొద్దు

ఇక్కడ నా మనసులో మాట గట్టిగా చెప్తా. కొందరికి కోపం వస్తే రానీయండి.

వీడియో పెట్టేముందు ఒక తమ్ముడు సలహా ఇచ్చిండు, "అక్కా, షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు అని పేరు పెట్టు, వ్యూస్ మస్తు వస్తయి" అని. పెట్టలేదు. బెల్లం కూడా చక్కెరే. రంగు మారినంత మాత్రాన ఒంట్ల షుగర్ పెరగకుండా ఉండదు. గోధుమపిండి, జొన్నపిండి మైదా కంటే మేలే, కానీ కేక్ కేకే. ఏడాదికి రెండుసార్లు, పండుగకు, పుట్టినరోజుకు తినేది. తొక్కలో ఔషధ గుణాలున్నయి, అది పోతది, ఇది తగ్గుతది అని కూడా నేను చెప్పను. నేను డాక్టర్ని కాదు.

ఇట్లాంటి మాటలు మన సహజ వ్యవసాయం వీడియోల్లో ఎక్కువైపోయినయి. ఒక్క అబద్ధం బయటపడితే, నిజంగా మందు లేకుండా పండించిన మాట కూడా నమ్మరు. మనకు కంపెనీల లెక్క ప్రకటనల డబ్బు లేదు. మన మాటే మన పెట్టుబడి. మా ఆయన మొదట్ల అనేటోడు, "అందరూ ఆర్గానిక్ అనే అంటున్నరు, నీది నిజమని ఎట్ల తెలుస్తది?" అని. నాకప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు ఆ ప్రశ్న సరైందే అనిపిస్తున్నది.

చీటీ పెడదాం

నా ప్రతిపాదన చిన్నది. ఈ సీజన్ నుంచి నేను మొదలుపెట్టిన, మీరూ ఆలోచించండి.

అమ్మే ప్రతి సంచిలో ఒక చీటీ పెడుతున్నా. అందులో నాలుగు మాటలే. చెట్టు ఏ వరసది. చివరిసారి ఏం కొట్టిన, ఏ తేదీన. కోసిన తేదీ. కోసినాక ఏమీ పూయలేదు, మైనం లేదు. కింద ఒక వాక్యం: "బాగా కడిగి తొక్క కూడా వాడుకోవచ్చు."

గట్టు పక్కన ఉన్న ఆ ఎనిమిది చెట్ల పండ్లకు ఈ వాక్యం రాయట్లేదు. వాటిని వేరే సంచిలో పెట్టి, "రసానికి మాత్రమే" అని రాస్తున్నా, కొంచెం ధర తగ్గించి. చేతిలో పట్టిన డబ్బు తగ్గుతది, అవును. కానీ ఆ రెండో చీటీ చూసినాకే మొదటి చీటీని జనం నమ్ముతున్నరు. క్వార్టర్లల్ల ఒక టీచరమ్మ అడిగింది, "ఈ పండ్లకు ఎందుకు రాయలేదమ్మా?" అని. పత్తి చేను సంగతి చెప్పిన. ఆమె తొక్క సంచి రెండు కిలోలు కొన్నది, బయటి రేటు కంటే ఎక్కువిచ్చి.

పీజీఎస్ సర్టిఫికెట్ వద్దని నేననను. తీసుకున్నవాళ్ళు మంచిపని చేసిన్రు. తోటి రైతులే వచ్చి చేను చూసి పోయే పద్ధతి నాకూ నచ్చుతది. కానీ సర్టిఫికెట్ చేనుకు ఇస్తరు. ఆ రోజు, ఆ పండు మీద ఏముందో చెప్పాల్సింది పండించిన మనిషే.

ఇంకోటి. ఆ తూర్పు గట్టు మీద ఈ వానకాలం అవిశ, గిరిపుష్పం దగ్గర దగ్గరగా పెట్టిన. ఏపుగా పెరిగితే తుంపర కొంత ఆగుతది. పత్తి తమ్మునితో కూడా కూర్చొని మాట్లాడిన. "గాలి నీ దిక్కుంటే చెప్త అక్కా, ఆ రోజు కొట్ట" అన్నడు. అంతకుముందు ఏడేళ్ళల్ల ఈ ఒక్క మాట నేను ఆయన్ను అడగనేలేదు. అడగకుండానే లోపల తిట్టుకున్నా. కేక్ చేయకపోతే ఇప్పటికీ అడిగేదాన్ని కాదు.

రోడ్డు దుమ్ముకు మాత్రం నా దగ్గర మందు లేదు. నీళ్ళు పెట్టి కడుక్కోవడమే. ఆ సంగతి కూడా చీటీ మీదనే ఉంది: "బాగా కడిగి."

కొందరు "అక్కా, కేక్‌లు చేసి అమ్మరాదూ" అంటున్నరు. అమ్మేటట్టయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేసుకోవాలె, రోజూ ఒకే తీరుగ రావాలె. నాకంత ఓపిక లేదు. చేయగలిగిన మహిళా సంఘాలు చేస్తే నా చీటీ ఉన్న పండ్లు ఇస్తా. మిగతావాళ్ళం ముందు ఇంట్లో చేసుకుందాం. బత్తాయి లేకపోతే నిమ్మ, దబ్బ, సంత్ర ఏదైనా సరే. కేకే కానక్కర్లేదు. తొక్క తురుము పులిహోరలో వేయండి, ఎండబెట్టి పొడి చేయండి.

కానీ తురిమే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ పండు ఏ చెట్టుదో, చివరిసారి ఏం కొట్టిన్రో గుర్తు తెచ్చుకోండి. ఇంట్ల చిన్నపిల్లకు ఆ తొక్క పెట్టడానికి మనసొప్పితే, ఆ మాట చీటీ మీద రాసి ధర అడగండి. ఒప్పకపోతే, ఎందుకు ఒప్పలేదో చూసుకోండి. చేను మీద పని అక్కడ మిగిలి ఉన్నట్టు.

మా ఆయన డబ్బా మళ్ళీ అటకెక్కలేదు. వచ్చే నెల నిమ్మ కాపుకు నాలుగోసారి చేస్తున్నం. ఈసారి రాగిపిండితో. చెడిపోతే అది కూడా వీడియోలో చూపిస్తా.

ఉంటా మరి.